పిడికెడు బియ్యంతో కొన్న పెట్టె

మిర్యాలగూడలో రైసుమిల్లుల వెనక హమాలీల వాడలో దేవమ్మ గొంతు వినపడని శనివారం లేదు. "బియ్యమమ్మా, బియ్యం!" అంటూ సంచి పట్టుకుని తొమ్మిదేళ్లు ఇల్లిల్లూ తిరిగింది. వంటకు బియ్యం కడిగే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేయడం చర్చికి పోయే ఆడవాళ్ల అలవాటు. దాన్ని వాడంతటికీ అంటించింది దేవమ్మే. సంఘపెద్ద యాకోబు ఇంట్లోనూ పిడికెడే, బోనమెత్తే ఆండాలు ఇంట్లోనూ పిడికెడే. దేవమ్మ పిడికిలి మాత్రం కాస్త పెద్దది. బస్తాలు మోసి మోసి నడుం వంగిన ఆమె మొగుడు గురవయ్య, "ఊరందరికి పెట్టి నాకు గంజి పోస్తవానే?" అని ఎగతాళి చేసేవాడు.

ఆ బియ్యం అమ్మితే ఎవరికో మందులు వచ్చేవి, ఎవరికో దవాఖాన ఖర్చు వెళ్లేది. మూడేళ్ల కిందట శవాన్ని ఉంచే ఫ్రీజర్ పెట్టె కూడా వచ్చింది. ఆ వాడ పిల్లలంతా పొట్ట చేతపట్టుకుని దూరాలు పోయినవాళ్లే. వాళ్లు వచ్చేదాకా ఎండాకాలంలో శవం ఆగదు కదా. తక్కువపడ్డ కొంచెం డబ్బు ధాన్యం వ్యాపారి సుదర్శన్ సేటు వేశాడు. వేసి, మూత మీద తన పేరు ఎర్రరంగుతో రాయించుకున్నాడు. సొమ్మొకడిది, సోకొకడిది.

అదైనా పోనీ. పెట్టెను తీసుకెళ్లి సేటు ఇంట్లో పెట్టించింది దేవమ్మే. "మన గుడిసెలల్ల యాడ పెడ్తం? ఎలకలు వైర్లు కొరుకుతయి. సేటు ఇంట్ల భద్రంగుంటది" అని అందరికీ నచ్చజెప్పింది. పెద్దింట్లో ఉంటేనే వస్తువు భద్రమనుకోవడం ఆ వాడకు తాతల నాటి జబ్బు.

మొన్న మే నెలలో గురవయ్య ఎండదెబ్బకు మిల్లు ఆవరణలోనే కుప్పకూలి ప్రాణం వదిలాడు. ఒక్కతే కూతురు సౌమ్య తిరుప్పూరులో బనియన్ల కంపెనీలో పనిచేస్తుంది. "అమ్మా, రేపు పగటికల్ల వస్త. నాయిన మొకం సూడకముందే తీస్కపోకుండ్రే" అని ఫోన్లో ఏడ్చింది. దేవమ్మ మాటిచ్చింది. పెట్టె ఉందన్న ధైర్యం ఆమెది.

"పెట్టె ఇచ్చేటట్టు లేదు దేవమ్మా," అన్నాడు సేటు గుమ్మంలోనే నిలబడి. "మా అమ్మకు సీరియస్‌గుంది. ఈ రాత్రి దాటదన్నరు. చుట్టాలంత హైదరాబాద్‌ల ఉన్నరు. అప్పటికప్పుడు మేం యాడ తేవాలె?"

"అమ్మ బతికే ఉంది గద సేటూ! మా ఆయన సచ్చిపోయిండు. జర దయ సూడుండ్రి."

"గవేం మాటలు? దీపాలు పెట్టే యాల్ల అపశకునం!"

అంతలో లోపలి నుంచి సేటు తల్లి కన్యకమ్మ గొంతు వినిపించింది. "ఎవరే అది? ఈ మజ్జిగల ఉప్పెయ్యలే!" సేటు తలుపు దగ్గరికి వేశాడు. మజ్జిగకు ఉప్పు చాలలేదని కసిరే మనిషి కోసం పెట్టె ఎదురుచూస్తోంది. చచ్చిన మనిషికి మాత్రం లేదు. దేవమ్మకు ఆ తలుపు మీద ఉమ్మేయాలనిపించింది. నోరెండిపోయి ఉమ్మైనా రాలేదు.

యాకోబు కిరాయి పెట్టె కోసం సూర్యాపేటకూ కోదాడకూ ఫోన్లు చేశాడు. వడదెబ్బ చావుల రోజులు, ఎక్కడా ఒక్కటీ ఖాళీ లేదు. ఐసుగడ్డలు తెచ్చి చుట్టూ పేర్చారు. తెల్లారేసరికి అవి నీళ్లయ్యాయి. వాసన మొదలైంది. "ఇగ ఆపలేమమ్మా," అన్నాడు యాకోబు. ఎనిమిదింటికి పూడ్చిపెట్టారు.

పన్నెండింటికి సౌమ్య ఆటో దిగింది. గుండెలు బాదుకుంటూ తల్లి మీద పడింది. ఆ ఏడుపు ఆగకముందే ట్రాలీలో పెట్టె వచ్చింది. "కన్యకమ్మకు నిమ్మళమైంది. వాడుకోమన్నడు సేటు," అన్నాడు డ్రైవరు. సౌమ్య ఆ ఎర్ర అక్షరాలు చదివింది.

"అమ్మా, నువ్వు బియ్యమెత్తి కొన్నది ఇదేనా?"



నాలుగోనాడు దేవమ్మ పొయ్యి వెలిగించింది. బియ్యం కొలిచి, అలవాటు కొద్దీ పిడికెడు తీసి డబ్బా దాకా తీసుకెళ్లింది. ఆగి, తిరిగి వచ్చి గిన్నెలోనే పోసింది.

"నాయిన లేడు గదనే, ఇంతెందుకు?" అంది సౌమ్య.

"మీ నాయినవే బిడ్డా," అంది దేవమ్మ. "తొమ్మిదేండ్లు ఆయన కంచంలకెల్లే తీసిన."