రత్నరాజు మాంసం పెట్టె

మా రత్నరాజు మొండివాడు. నరసాపురం నుంచి అమెరికా వచ్చి, రెడ్‌మండ్ ఊరి దగ్గర విమానాల విడిభాగాలు చేసే షాపులో మెషినిస్టుగా కుదురుకున్నాడు. సెలవొస్తే కడుపునిండా తిని పడుకోక, తోటి పనివాళ్లతో కొండలెక్కి వేటాడ్డం దేనికని నేను విసుక్కునేవాణ్ణి. ఏటా నవంబరులో తుపాకీ భుజానేసుకుని వెళ్లేవాడు, చలికి పెదాలు పగిలి ఉత్తచేతులతో తిరిగొచ్చేవాడు. మొదటి వేట దేవుడిదనీ, దాంతో మా తెలుగు సంఘానికి క్రిస్మస్ ప్రేమవిందు పెడతాననీ ప్రార్థనలో అందరిముందూ మాటిచ్చాడు.

1984లో వేటకి వెళ్లకముందే ఫ్రీజర్ కొన్నాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నాను. నవ్వి ఊరుకున్నాడు.

ఏ రకం కొనాలో మొగుడూ పెళ్లాలకి కుదర్లేదు. విమలకుమారి ఆస్పత్రిలో నర్సు, కాస్త పొట్టి మనిషి. బీరువాలా నిలువుగా ఉండేది కావాలంది. పెట్టెలాంటిది కొంటే అడుగునున్నది తీయబోయి తనే అందులో పడుతుందట. మూత పైకి తెరిచే పెట్టె అయితే చల్లదనం కిందే ఉంటుందనీ, కరెంటు పోయినా త్వరగా కరగదనీ రత్నరాజు వాదించి, పెట్టే కొన్నాడు. వంటింట్లో చోటు లేదు. నా పికప్‌లో తెచ్చి గరాజులో దించాం. ఎండ తగలని మూల చూశాడు, గాలాడ్డానికి గోడకి జానెడు ఎడం వదిలాడు, రసమట్టం పెట్టి మరీ సరిచేశాడు. పక్కనే ప్లగ్గు ఉంది. దానికి కరెంటు ఎటునుంచి వస్తోందో మాత్రం మా ఇద్దరిలో ఎవరం చూడలేదు.

ఆ ఏడు దేవుడు కనికరించాడు. ఎల్క్ దొరికింది. మన కణుజు దుప్పి జాతిదే గాని ఎద్దంత ఉంటుంది. ముక్కలు కొట్టించి, తెల్లకాగితాల్లో చుట్టించి పెట్టె నింపాడు. నాకే గర్వంగా అనిపించింది.

అప్పుడే విమల వాళ్లమ్మ కరుణమ్మగారు నరసాపురం నుంచి వచ్చారు. ఆవిడ అల్లుడితో ఎన్నడూ ముఖాముఖి మాట్లాడి ఎరగరు. ఒకే బల్ల దగ్గరున్నా, "అమ్మాయ్, మీ ఆయనకి ఇంకాస్త కూర వెయ్యి" అని కూతురికే చెప్పేవారు. పెద్దల నాటి మర్యాద అది. చీరలు మెషీన్‌లో నలిగిపోతాయని గరాజులో తాడు కట్టి ఆరేసుకునేవారు.

డిసెంబరు మొదట్లో పెట్టె తెరిస్తే పైవరస పొట్లాలు మెత్తబడి, కాగితాలకి నెత్తురు అంటుతోంది. రత్నరాజు మొహంలో కళ పోయింది. వింతేమిటంటే, ఎప్పుడు చూడబోయినా మోటారు చక్కగా రొద చేస్తూనే ఉంది. మోటారులోనే లోపముందని తేల్చి షాపుకి ఫోన్ చేశాడు. శనివారం తెస్తే వెనక్కి తీసుకుంటామన్నారు. మాంసం సంగతి నేనడిగితే, పారెయ్యడమే అన్నాడు రత్నరాజు.

శనివారం పికప్‌తో వెళ్లాను. విమల డ్యూటీలో ఉంది. రత్నరాజు గరాజులోకి అడుగుపెట్టి లైటు వేశాడు. మోటారు రొద మొదలైంది. తాడు మీద చీర తీసుకుంటున్న కరుణమ్మగారు ఆ రొద విని స్విచ్చు వంక చూశారు. గబగబా వెళ్లి స్విచ్చు కిందికి నొక్కారు. లైటుతో పాటు మోటారూ ఆగింది. మళ్లీ పైకి నొక్కారు. మళ్లీ రొద.

రత్నరాజు గరాజులో లైటు ఆర్పే మనిషి కాదు, ఏడాది పొడుగునా వెలుగుతూనే ఉండేది. పట్టపగలు దీపం వెలగడం ఆవిడ చూడలేక, అతను లోపలికెళ్లగానే వచ్చి ఆర్పేవారు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా!

చెబుదామంటే కూతురు ఇంట్లో లేదు. పరాయివాణ్ణి నేనున్నాను. మేం పొట్లాలు తీసేద్దామని పెట్టె మూతకి చెరో వైపు చెయ్యి వేశాం. ఆవిడ కొంగు నిండుగా కప్పుకుని ముందుకొచ్చారు.

"అల్లుడుగారూ, పెట్టె మంచిదే. రోజూ దాని ఊపిరి తీస్తున్నది నేను."

రత్నరాజు మూత తెరిచి మోచేతి దాకా చెయ్యి పెట్టి చూశాడు. పైపొట్లాల్లో కూడా లోపల ఇంకా ఐసు పలుకులున్నాయి, అడుగువి రాళ్లలా ఉన్నాయి. పెట్టె కొని మంచి పని చేశాడని మొదటిసారి ఒప్పుకున్నాను.

"అత్తయ్యగారూ," అన్నాడు, "ఇవాళే వండెయ్యాలి. మసాలా నూరతారా?"

అలా ఆ ఏడు మా క్రిస్మస్ ప్రేమవిందు డిసెంబరు రెండో ఆదివారమే జరిగింది. అద్దెకి తీసుకున్న చర్చి హాల్లో, ఇంత తొందరేమిటని ఎవరో అడిగారు. రత్నరాజు లేచి, ఫ్రీజర్ మోటారు పాడైందని చెప్పాడు.

ఆడవాళ్ల వరసలోంచి కరుణమ్మగారి గొంతు వినిపించింది. "మోటారు బాగానే ఉంది అల్లుడుగారూ. నా కోసం దేవుడి ముందు అబద్ధమాడకండి. ఆర్పింది నేనే."

విమల నోరు తెరుచుకుని తల్లినే చూస్తోంది. రత్నరాజు వెళ్లి ఒక ప్లేటులో అన్నం, కూర పెట్టి తెచ్చి అత్తగారి చేతికిచ్చాడు.

ఆవిడ అందుకోబోయి ఆగారు. కూతురి వైపు చూడకుండా అతన్నే అడిగారు.

"మీరు తిన్నారా, బాబూ?"