మోగని బటన్ ఫోను

మా తమ్ముడికి ఫోన్ల కొట్టు ఉంది. ఆ సంగతి ముందే చెప్పేస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. వాడికి పాత ఫోను కనబడితే ఒళ్ళు మంట, పాత యాప్ కనబడితే ఇంకా మంట. గుంటూరులో మా వీధి చివరే వాడి కొట్టు. వీధి మొదట్లో మా పుట్టిల్లు, ఇంటి ముందు వసారాలో నాన్న పరుపులు కుట్టే చోటు. తాతల నాటి నుంచీ దూది ఏకే ఇల్లు మాది. ఫోము పరుపులొచ్చి గిరాకీని సగం మింగేసినా నాన్న సూది వదల్లేదు. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. పక్క వీధిలోనే కాపురం కాబట్టి నేను పగలంతా నాన్న దగ్గర కూర్చుని దిండు గలీబులు కుట్టేదాన్ని.

తండ్రీ కొడుకులకు రోజూ ఏదో ఒక రభస. డబ్బులు స్కాన్ చేసే అట్ట పెట్టుకోమని వాడు, వద్దని ఈయన. "పరుపు కుట్టేది నేను, డబ్బులు పడేది నీ ఫోన్లోనా? ఇదేం న్యాయంరా?" అనేవాడు నాన్న. అట్ట మీదున్నది వాడి నంబరే మరి. వాడొచ్చి దూదేకే మిషను మీద అట్ట అంటించి పోయేవాడు, వాడు వీధి మలుపు తిరిగేలోగా నాన్న దాని మీద దూది బస్తా పెట్టేవాడు. నాకు నవ్వొచ్చేది. అప్పట్లో ఇంట్లో ఫోన్ల గురించి ఎవరేమన్నా నవ్వులాటగానే ఉండేది.

నాన్నకి ఒక్కతే చెల్లెలు, మా మేనత్త. చీమకుర్తి దగ్గర పల్లెలో ఉంటుంది. కొడుకు గ్రానైటు రాయి కోసే చోట పని చేస్తాడు, అత్తా కోడలూ మిరపకోతలకు పోతారు. ఒకసారి మా తమ్ముడు ఆమెకు టచ్ ఫోను ఇవ్వబోయాడు. ఏళ్ళ తరబడి కాయలు కోసి మొద్దుబారిన వేళ్ళు, ఎంత రుద్దినా తెర కదల్లేదు. అదీగాక, కోత నుంచి వచ్చి ఆ చేత్తో ఫోను పట్టుకుని చెంపకు ఆనిస్తే మొహమంతా మంట. "నాకొద్దురా నాయనా, మాట్లాడాలంటే మొహం కడుక్కోవాల్సి వస్తంది" అంది. నాన్న ఆమెకు బటన్ ఫోను కొనిచ్చాడు. మంచం పక్కన మేకుకు తగిలించిన సంచిలో ఉండేది అది, కోతకు పోతే బొడ్లో ఉండేది.

రోజూ పొద్దున తెల్లవారి నమాజు కాగానే నాన్న ఆమెకు ఫోను చేసేవాడు. పెద్దగా మాటలేమీ ఉండవు. "లేచావా?" "లేచానన్నయ్యా." "కోతుందా?" "ఉంది." "ఎండలో జాగ్రత్త, ఉంటా." అంతే. ఆ ఫోను వస్తేనే ఆమెకు తెల్లారినట్టు.

ఆ ఏడు బక్రీదుకి అందరం మా ఇంట్లో కలిశాం. భోజనాలయ్యాక మా తమ్ముడు ఉపన్యాసం మొదలుపెట్టాడు. మన చుట్టాల గ్రూపు పాత యాప్‌లో ఉండకూడదట. మనం రాసుకునేవన్నీ కంపెనీ వాళ్ళు చూస్తారట. కొత్త యాప్‌లో ఆ భయం లేదట. మా చిన్నాన్న, "మన దాంట్లో చూడ్డానికేముందిరా? పొద్దున్నే గులాబీ పూలు, శుక్రవారమైతే జుమ్మా ముబారక్‌లు. చూడనీ పాపం, వాళ్ళకీ పొద్దుపోవాలిగా!" అన్నాడు. నేనూ అన్నాను, ఉన్నది బాగానే ఉంది కదరా, అలవాటైన దాన్ని ఎందుకు కదిలిస్తావని. "నీకు తెలీదులే అక్కా" అన్నాడు వాడు. వాడి దగ్గర నా ప్రతి మాటకూ సిద్ధంగా ఉండే జవాబు అది.

ఒక్కొక్కరి ఫోనూ తీసుకుని కొత్త యాప్ ఎక్కించడం మొదలుపెట్టాడు. మా అత్త కోడలు తన ఫోను చేతిలో పట్టుకుని, "నా దాంట్లో చోటు లేదని చూపిస్తందండీ అన్నయ్యగారూ" అంది మెల్లగా. "ఆ డొక్కు ఫోన్లో ఏం పడుతుందమ్మా? కొట్టుకి రా, కంతుల మీద కొత్తది ఇస్తా" అన్నాడు వాడు. అందరూ నవ్వారు. మా అత్త కూడా తన బటన్ ఫోను తీసి, "నా దాంట్లో పడుతుందేమో చూడు అబ్బాయ్" అంది. మళ్ళీ నవ్వులు. ఆ పూట నుంచి పాత గ్రూపు మూలబడింది. అత్త కోడలు ఒక్కతే రోజూ దాంట్లో గులాబీ పూలు పెడుతూ ఉండేది, చూసేవాళ్ళు లేరు.

మిరపకోతలు జోరుగా ఉన్న రోజుల్లో నాన్న పోయాడు. తెల్లవారి నమాజుకి లేవలేదు, అంతే. గుండె అన్నారు.

మాలో పోయిన మనిషిని మట్టి చేయడం ఆలస్యం చేయరు. సాయంత్రం అసర్ నమాజు తర్వాత జనాజా, అదే పాడె, లేవాలని మసీదు పెద్దలు చెప్పారు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా వైపు ఆడవాళ్ళు శ్మశానానికి పోరు. జనాజా గడప దాటిందంటే ఆడదానికి ఆ మనిషి ఇక లేడు. ఆఖరి చూపంటే ఇంట్లో చూసిందే. అందుకే పాత రోజుల్లో మసీదు పనులు చూసే ముసలాయన కబురు పట్టుకుని బస్సెక్కేవాడు. ఎంత దూరమైనా, తోడబుట్టింది వచ్చి చూసేదాకా మొహం మీద గుడ్డ కప్పేవాళ్ళు కాదు.

"అత్తకి చెప్పావా?" అని తమ్ముణ్ణి అడిగాను. "అందరికీ ఒకేసారి వెళ్ళిపోయిందక్కా, చూశారు కూడా" అని ఫోను నా మొహం ముందు పెట్టాడు. కొత్త గ్రూపులో అందరూ చూసినట్టు టిక్కులు. నాన్న స్నానానికి నీళ్ళు కాగుతున్నాయి, ఇంటి నిండా ఏడుపులు. సరే చెప్పాడు కదా అనుకున్నాను. మధ్యాహ్నం దాటాక మళ్ళీ అడిగాను, అత్త రాలేదేరా అని. "దారిలో ఉండుంటుంది, మెసేజ్ పెట్టి ఎంతసేపైంది!" అన్నాడు. చీమకుర్తి ఏమైనా సముద్రం అవతలుందా? పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి మా గడపలో ఉండేది. జనాజా లేచింది. వాడు ముందు నడుస్తూ కూడా ఫోను పైకెత్తి వీడియో తీస్తూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దెక్కాక, దూదేకే మిషను మీదున్న నాన్న ఫోను మోగింది. ఎప్పుడూ నాన్న చేయడమే గానీ ఆ ఫోను ఆ వేళకు మోగగా నేను వినలేదు. తెర మీద 'చెల్లి' అని ఉంది. తీశాను.

"ఏందన్నయ్యా, నిన్న ఫోను చెయ్యలేదే? ఒంట్లో బాగుందా? నువ్వు చెయ్యలేదని నేను కోతకు కూడా పోలా. చేద్దామంటే నా ఫోన్లో డబ్బుల్లేవాయె. ఇప్పుడే కొట్టుకెళ్ళి వేయించుకొచ్చా. మాట్లాడవేం?"

ఆ మాట చెప్పే పని నాకు మిగిల్చారు చూడండి, అందుకు నేను ఎవరినీ క్షమించను. చెప్పాను. అవతల కోడి కూత వినిపించింది, ఎవరో బిందె దించిన చప్పుడు వినిపించింది. అప్పుడు అడిగింది ఆమె.

"మట్టి అయిందా?"

"అయింది అత్తా."

"నా ఫోను బాగానే ఉంది గదే అమ్మడూ. నిన్నంతా ఒళ్ళోనే పెట్టుకుని కూచున్నా."

తమ్ముణ్ణి కడిగి పారేశాను. వాడు ముందు గ్రూపు చూపించాడు, ఇంతమంది ఉన్నారు, ఒక్కరైనా చెప్పుండరా అన్నాడు. ఆ ఇంతమందినీ అడిగితే, గ్రూపులో పెట్టాక అందరికీ తెలిసినట్టే కదా అన్నారు. అత్త కోడలు ఆ గ్రూపులోనే లేదని అప్పుడు గుర్తొచ్చింది వాడికి. "అయితే ఒక్క ఫోను కొడితే నీ వేలు అరిగిపోయేదా?" అన్నాను. అత్త నంబరు వాడి ఫోన్లో లేదు. వందల నంబర్లున్న ఫోన్లో, సొంత మేనత్త నంబరు లేదు. నాన్న ఫోన్లోనూ నా ఫోన్లోనూ ఉంది, నన్ను అడగడానికి వాడికి తీరిక దొరకలేదు.

తర్వాత వాడు చేసిన పని ఇంకా ఘోరం. నాన్న ఏటా రంజానుకి ఆమె చేతిలో చీర పెట్టేవాడు. ఈసారి పండగ రాగానే వీడు అత్త కోడలి ఫోనుకి చీర డబ్బులు కొట్టి, "పంపానక్కా, వెంటనే పడ్డాయి" అని నాతో గొప్పగా చెప్పాడు. పుండు మీద కారం చల్లినట్టు. ఆ డబ్బుల సంగతి అత్త ఇప్పటిదాకా ఎత్తలేదు.

నాన్న పోయిన నలభయ్యో రోజుకి అత్త వచ్చింది. ఫాతెహా ప్రార్థన అయ్యాక అందరూ వసారాలో కూర్చున్నారు. ఆమె మాత్రం లోపల, నాన్నని పడుకోబెట్టిన చోటు ఎక్కడో నన్నడిగి తెలుసుకుని, అక్కడే చాప మీద కూర్చుంది. మా తమ్ముడు వెళ్ళి పక్కన చతికిలబడ్డాడు. వాడికీ బాధ లేకపోలేదు, ఆ బాధను ఫోనుతో తప్ప తీర్చడం వాడికి చేతకాదు.

"అత్తా, నీకోసమే దాచాను. మొదటి నుంచీ చివరిదాకా అంతా ఉంది. నాన్న మొహం కూడా బాగా పడింది" అని వీడియో పెట్టి ఆమె ముందుకు చాచాడు.

ఆమె తల తిప్పలేదు. "అందరూ ఉన్నారా అందులో?"

"అందరూ ఉన్నారత్తా."

"నేనున్నానా?"

వాడు ఫోను కిందికి దించాడు. ఇకమీదట ఇలా జరగదని, అందరినీ మళ్ళీ ఒకే గ్రూపులోకి తెస్తానని, కోడలికి కొత్త ఫోను ఊరికే ఇస్తానని ఏదేదో చెప్పాడు. ఆమె అంతా విని లేచి, చెప్పులేసుకుంది.

"ఎందుకులేరా. నేను పోయినప్పుడు మా కోడలు తనున్న ఆ పాత గ్రూపులోనే పెడుతుంది. నువ్వే చూసుకో" అంది.

తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. పొద్దుపోతే బస్సు దొరకదని నన్ను తోడు రమ్మంది. ఆటోలో బస్టాండుకి తీసుకెళ్ళాను. దారంతా ఆ బటన్ ఫోను చేతిలోనే పట్టుకుని కూర్చుంది. రోజూ పొద్దున నేను చేస్తానత్తా అన్నాను. "చెయ్యి" అంది. చేస్తున్నాను. తీస్తుంది, రెండు మాటలు మాట్లాడుతుంది, ఉంటానని తనే పెట్టేస్తుంది. నాన్నని అడిగినట్టు, ఒంట్లో బాగుందా అని నన్నడగదు.

మా తమ్ముడు మాత్రం ఆ రాత్రే పాత యాప్ మళ్ళీ ఎక్కించుకున్నాడు. అత్త కోడలు ఇప్పటికీ పొద్దున్నే దాంట్లో గులాబీ పూలు పెడుతుంది. అది టింగుమన్నప్పుడల్లా వాడు కొట్లో చేస్తున్న బేరం వదిలేసి, రంగుపోయిన మొహంతో తెరిచి చూస్తాడు. చూడనీ.