పెద్దవాళ్లకు చెప్పండి

శివజ్యోతి టీచర్‌కు కోపం వస్తే ముందు ముక్కు ఎర్రబడేది, మాట ఆ తర్వాతెప్పుడో వచ్చేది. ఆ మాట వచ్చేలోగా ఎదుటివాళ్లు తమ పని చక్కబెట్టుకుని వెళ్లిపోయేవారు. ఇరవై ఆరేళ్ల వయసులో ఆమెకున్న పెద్ద లోపం అదొక్కటే. ఆ లోపం ఎవరి బతుకు మీదికి వచ్చిందో చెప్పడానికే ఈ కథ.

ఆమెది ఆలూరు పక్కన ఒక పల్లె. తండ్రి కంబన్న వాన పడిన ఏడు సేద్యగాడు, పడని ఏడు కూలివాడు. కూతుర్ని కర్నూలు పంపి కంప్యూటర్ కోర్సు చదివిస్తుంటే పల్లెలో నలుగురూ నవ్వారు. “ఆడపిల్లకు కంప్యూటర్ ఏందప్పా కంబన్నా?” అని అడిగితే, “మరి సేద్యం నేర్పిస్తే దుడ్లు వస్తాయా? నాకు రాలేదు కదా” అన్నాడట ఆయన. చదువు అయ్యాక ఆమెకు బేతంచెర్లలో ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడిలో ఉద్యోగం దొరికింది. తండ్రికి మోకాళ్లు పోయాక ఇంటికి ఆ జీతమే దిక్కు.

బేతంచెర్లంటే బండల ఊరు. గనుల్లోంచి నాపరాళ్లు తీస్తారు, ఫ్యాక్టరీల్లో కోసి పాలిష్ పడతారు, లారీలకెత్తి పంపిస్తారు. చెట్ల ఆకుల మీద, ఆరేసిన బట్టల మీద, పిల్లల కనురెప్పల మీద కూడా ఆ తెల్లటి దుమ్మే. బళ్లో చదివేది ఫ్యాక్టరీల వాళ్ల పిల్లలూ, అంగళ్ల వాళ్ల పిల్లలూ. కంప్యూటర్ గదిలో ఎనిమిది పెట్టెలుంటే నడిచేవి సగం. నెట్ ఒక్కదానికే వచ్చేది. అది రెండువేల ఏడో సంవత్సరం. నెట్ అంటే పెద్దవాళ్లకే ఇంకా వింత, పిల్లల సంగతి చెప్పాలా!

ఒకరోజు నాలుగో తరగతి పిల్లవాడొకడు ఆ నెట్ పెట్టె ముందు కూర్చుని ఇంటి పేరు, వీధి పేరు, నాన్న ఫోన్ నంబరు ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొడుతున్నాడు. తెర మీద ఎర్రటి అక్షరాలు మెరుస్తున్నాయి, బహుమతి గెలిచావని. టీచర్ గబుక్కున వెళ్లి ఆపింది.

“ఎందుకు కొడ్తాండావురా ఇవన్నీ?”

“ఊరికే ఇస్తారంట టీచర్. మంచోళ్లు” అన్నాడు వాడు.

మంచోళ్లు! ఆ మాట ఆమెను పట్టుకుంది. క్లాసులో అడిగి చూసింది, మంచి అంగడి ఏదో మీకెట్లా తెలుస్తుందని. అందరూ ఒకే గొంతుతో “కొసరు ఇచ్చేది టీచర్!” అన్నారు. నిజమే కదా. ఇంట్లో చీటీ రాసి పంపితే పిల్లలు పోయేది ఏ అంగడికి? సామాను కట్టిచ్చి, చేతిలో బెల్లంముక్కో గుప్పెడు పప్పులో పెట్టే శెట్టి దగ్గరికే. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఊరికే పెట్టేవాడే మంచివాడని నేర్చుకున్న పిల్లలు తెర మీద ఊరికే ఇస్తామన్న ప్రతివాడికీ చెయ్యి చాపుతున్నారు.

ఆమె దాన్నే పాఠం చేసింది. “శెట్టి కొసరు ఎప్పుడిస్తాడు, సామాను కొనకముందా, కొన్నాకా?” అని అడిగింది. కొన్నాకేనని అరిచారు. “మీరేమీ కొనకముందే, దావన పోతాంటే పిలిచి చేతిలో మిఠాయి పెట్టేవాడు ఎవడు?” జవాబు కూడా ఆమే చెప్పింది. “వానికి మన దగ్గర ఏందో కావాల. నెట్‌లో గూడా అంతే. అంగడి పేరు చూడండి, ఎవరిదో చూడండి. పేరు తెలియని చోట మీ ఇంటి పేరు ఇయ్యద్దండి.” ఏ పుస్తకంలోనూ లేని పాఠం అది. పిల్లలు ఇంటికి పోయి అవ్వలకు, తాతలకు కూడా చెప్పారు.

ఆఖరున ఇంకో మాట కూడా నేర్పింది. “చూడకూడనిది ఏమన్నా కనపడిందనుకో, భయపడద్దండి. స్క్రీన్ ఆపేయండి. ఆపేసి, వెంటనే పెద్దవాళ్లకు చెప్పండి.”

రెండో బెంచీలో రమ్యశ్రీ లేచి నిలబడింది. తొమ్మిదేళ్ల పిల్ల, రెండు జడలు, ప్రశ్న అడగకుండా ఊరుకునే రకం కాదు. “మా నాయన కొడితే టీచర్?”

“కొట్టడమ్మా. నిజం చెప్పిన బిడ్డను ఎవురన్నా కొడ్తారా? నా మాట నమ్ము” అంది శివజ్యోతి.

ఎంత తేలిగ్గా అనేసిందో చూడండి! ఊళ్లో పెద్దవాళ్లందరి తరఫునా తనే హామీ ఇచ్చేసింది. ఆ పిల్ల నమ్మింది.

రమ్యశ్రీ తండ్రి పెద్దసుబ్బయ్యకు పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. ఆఫీసు గదిలో కంప్యూటర్ పెట్టి నెట్ వేయించాడు, బండలు కొనే బెంగళూరు పార్టీలకు ఫోటోలు పంపడానికి. బడి వదిలాక పిల్ల అక్కడికి పోయి, టీచర్ చూపించిన బొమ్మలకు రంగులేసే సైటు తెరుచుకుని కాసేపు ఆడుకునేది. పగలంతా ఆ కుర్చీలో కూర్చునేది ఆమె మేనమామ తేజేశ్వర్. అక్క మొగుడి ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తానని చేరాడు. ఏ లెక్కలు చూసేవాడో దేవుడికెరుక.

ఒక శనివారం సాయంత్రం పిల్ల వచ్చేసరికి మామ అప్పుడే ఫోన్ మాట్లాడుకుంటూ బయటికి నడిచాడు. పిల్ల కూర్చుని మౌస్ కదిపింది. తెర మీద ఆడామగా బొమ్మలు, ఒకటి మూస్తే రెండు. పిల్ల ఏడవలేదు, కేకలు పెట్టలేదు. చెప్పినట్టే స్క్రీన్ ఆపేసింది. ఆపేసి, వెంటనే పెద్దవాళ్లకు చెప్పడానికి పరిగెత్తింది.

పెద్దసుబ్బయ్య ఆవరణలో బెంగళూరు పార్టీకి బండలు చూపిస్తున్నాడు. చుట్టూ హమాలీలు, లారీ డ్రైవర్లు. “నాయనా, కంప్యూటర్లో గలీజు బొమ్మలు ఉండాయి. మామ లేసిపోయినాక చూసినా. స్క్రీన్ ఆపేసినా. మా టీచర్ చెప్పమనింది” అంది పిల్ల, పద్యం అప్పజెప్పినంత స్పష్టంగా.

పార్టీవాళ్లలో ఒకడు కిసుక్కున నవ్వాడు. హమాలీలు ఫోన్ పట్టుకుని అక్కడే నిలబడ్డ తేజేశ్వర్ వైపు చూసి తలలు తిప్పుకున్నారు. వాడి మొహం నల్లబడింది. “ఏందేందో నొక్కింటాదిలే బావా. బళ్లో నేర్పేదే అట్లాంటివి” అన్నాడు.

పెద్దసుబ్బయ్య కూతుర్ని చెంప మీద కొట్టాడు. అందరి ముందరే కొట్టాడు. పిల్ల కింద పడి లేచి, ఏడవడం కూడా మరిచిపోయి తండ్రి మొహంలోకి చూస్తూ నిలబడిపోయింది.

సోమవారానికి మాట ఊరంతా పాకింది. ఏమని పాకింది? తేజేశ్వర్ చూశాడని కాదు. కంప్యూటర్ టీచర్ పిల్లలకు గలీజు సైట్ల గురించి చెబుతోందని, పెద్దసుబ్బయ్య కూతురు అక్కడ నేర్చుకునే తెరిచిందని. రమ్యశ్రీ పక్కన తమ పిల్లలను కూర్చోబెట్టవద్దని ఇద్దరు తల్లులు వచ్చి చెప్పిపోయారు. తొమ్మిదేళ్ల పసిబిడ్డ పక్కన!

శివజ్యోతి ముక్కు ఎర్రబడింది. సాయంత్రం నేరుగా ఫ్యాక్టరీకి పోయింది. రంపం మిషన్ల రొదలో, గేటు దగ్గర పెద్దసుబ్బయ్య ఒక్కడే దొరికాడు.

“అన్నా, పాప ఏం తప్పు చేయలేదు. పాప వచ్చేసరికే అవి తెరిచి ఉండినాయి. నువ్వు కొట్టినది...”

“నాకు తెల్దామ్మా?” అన్నాడు ఆయన. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. “ఎవురు చూసినారో నాకు తెల్దా? ఊర్లో అందరికీ తెలుసు. మాకు రాయొచ్చే గని తేజేశ్వర్ వాళ్ల నాయన పేరు మీద ఉండాది. వాన్ని ఒక మాట అంటే రేపట్నుంచి నా మిషన్ల కింద రాయి పడదు. నలభైమంది కూలోళ్లు యాడికి పోతారు?”

“మరి పాప?”

“పాప నా బిడ్డ. నాలుగు దినాలు ఏడ్చి మర్చిపోతాది. అది నన్ను ఇడ్సి యాడికి పోతాది చెప్పు?”

ఇంత నిబ్బరంగా ఒక తండ్రి అనగలడా అని మీరడగవచ్చు. అన్నాడు. చెడ్డవాడు కూడా కాదాయన, అదే కడుపు మండే సంగతి. తనదైన దాని మీదికే చెయ్యి పోయింది, ఎదురు తిరగలేనిది అదొక్కటే కాబట్టి. శివజ్యోతికి గొంతు దాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. అది దొరికేసరికి ఆయన లోపలికి వెళ్లిపోయాడు.

బడి కరస్పాండెంట్ గాబ్రియేలు సారు శుక్రవారం తల్లిదండ్రుల మీటింగు పెట్టాడు. ముందుగా ఆమెను పిలిచి కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు.

“చూడమ్మా, నువ్వేం మాట్లాడద్దు. పాప తెలియక ఏదో నొక్కింది, ఆ పాఠం ఇంగ చెప్పం అని నేను చెప్తా. నీ ఉద్యోగం నిలబడుతుంది, బడి పరువూ నిలబడుతుంది.”

“అది అబద్ధం కద సార్?”

“మీ నాయనకు మోకాళ్లు బాగలేవంటివి. ఇంటికాడ పరిస్థితి నీకు తెలుసు, నాకు తెలుసు. నేను చెప్పాల్నా?”

మీటింగులో ఆయన ఆమెకు చెప్పినట్టే చెప్పాడు. పెద్దసుబ్బయ్య తలూపాడు. తేజేశ్వర్ కూడా వచ్చి ముందు వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు, సిగ్గులేని మనిషి. తల్లి పక్కన రమ్యశ్రీ ఒకవైపే చూస్తోంది, టీచర్ వైపు. శివజ్యోతి తలవంచుకుని చీర కొంగు వేళ్లకు చుట్టుకుంటూ కూర్చుంది. సారు మీటింగు ముగిసిందనేదాకా లేవలేదు.

మర్నాడు మధ్యాహ్నం కంప్యూటర్ గది తాళం వేస్తుంటే పిల్ల వచ్చి నిలబడింది. వారం దినాల్లోనే మనిషి సగమైంది.

“నేను చేసింది తప్పా టీచర్?”

“లేదు తల్లీ. నువ్వు చేసింది శానా మంచిపని. తప్పు నీది కానే కాదు.”

“మరి నిన్న అందరి ముందర చెప్పలేదే?”

ఆమె పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుంది. కూర్చుంది గానీ చెప్పడానికి ఏముంది? ఉద్యోగం పోతుందని భయపడ్డానని తొమ్మిదేళ్ల పిల్లకు చెప్పాలా? వాళ్ల నాయన భయపడ్డదీ గని పోతుందనే కదా! తానూ అదే పని చేసింది. కాకపోతే చెయ్యెత్తలేదు, అంతే తేడా. ఆ ఆలోచన వచ్చేసరికి ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. పిల్ల సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

ఆదివారమంతా శివజ్యోతి అన్నం తినలేదు. సోమవారం పొద్దున ప్రార్థన అయ్యాక, వార్తలు చదివే పిల్లవాడి చేతిలోంచి మైకు తీసుకుంది. గాబ్రియేలు సారు కుర్చీలోంచి లేచేలోపే చెప్పేసింది.

“నాలుగో తరగతి రమ్యశ్రీ ఏ గలీజు సైటూ తెరవలేదు. ఒక పెద్దమనిషి తెరిచి పెట్టిపోయినదాన్ని చూసి, నేను నేర్పినట్టే ఆపేసి వాళ్ల నాయనకు చెప్పింది. ఆ పాప చెప్పింది నిజం. మీరంతా ఇంటికి పోయి ఇది మీ అమ్మానాయనలకు చెప్పండి.”

మైకు తీగ పీకేశారు. అప్పటికే మాట గోడ దాటింది. బడి ఎదురుగా అంగడిలో ఉన్నవాళ్లు, గేటు దగ్గర పిల్లలను దించి నిలబడ్డ తల్లులు అందరూ విన్నారు. పదిగంటలకల్లా ఆమె ఉద్యోగం ఊడింది. ఆ కబురు చెప్పడానికి గాబ్రియేలు సారు ఈసారి కాఫీ తెప్పించలేదు.

ఆ మాట ఎవరూ అబద్ధమనలేదు, విచిత్రం అదే. ఊళ్లో ఒక్కరికీ అనుమానం లేదు. తేజేశ్వర్‌ను చూసి ఆడవాళ్లు మొహం తిప్పుకున్నారు. రెండు రోజులు వాడు బజారు మొహం చూడలేదు. మూడో రోజు మామూలుగానే వచ్చి ఆఫీసు గదిలో కుర్చీలో కూర్చున్నాడు. వాన్ని ఎవరు లేపుతారు?

శివజ్యోతి జీతం బాకీ కోసం, పుస్తకాల కోసం బడికి వెళ్లిన రోజున ఆఫీసు ముందు పెద్దసుబ్బయ్య నిలబడి ఉన్నాడు. కూతురి టీసీ తీసుకోవడానికి వచ్చాడు. ఆమెను చూసి చూడనట్టు సంతకాలు పెట్టాడు. కడపలో హాస్టలున్న బళ్లో సీటు దొరికిందట, ఊళ్లో ఇంక ఈ గోల వద్దని ఇంట్లో తీర్మానం చేశారట. పిల్ల కొత్త గౌను వేసుకుని, పెట్టె పక్కన వరండాలో నిలబడి ఉంది. టీచర్‌ను చూడగానే పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది.

“నువ్వు చెప్పినాక అందరూ నమ్మినారు టీచర్. మా నాయన గూడా నమ్మినాడు. మా అమ్మ ఏడ్చింది, నువ్వు తప్పు చేయలేదులే అనింది.”

“అవును తల్లీ” అంది శివజ్యోతి, ఆ చిన్న చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని.

“మరి నన్నెందుకు పంపిస్తాండారు?”