మజ్జిగ పోసిన మన్ను

కరివేపాకు చెట్టు మొదట్లో పుల్లమజ్జిగ పోసినప్పుడల్లా కాసేపు అక్కడే ఆగిపోతాను. ఎర్రమట్టి ఆ మజ్జిగను పీల్చుకుంటూ వదిలే వాసన తగలగానే భువనగిరిలో గుట్ట కిందున్న తాలింఖానా కళ్ల ముందుకొస్తుంది. అక్కడ కుస్తీలు నేర్పే గోదాలో మట్టి మెత్తగా ఉండాలని మజ్జిగ, నూనె, పసుపు కలిపేవారు. ఆ మట్టిలో నిలబడ్డ ఇమామ్ వస్తాదు కూడా కనిపిస్తాడు. ఆయన్ను ఎరిగినవాళ్లు మా ఊళ్లో ఇప్పుడు నేను తప్ప ఎవరూ లేరు.

వెట్టికి రానన్నందుకు మా దొర మనుషులు నా కుడిచెయ్యి విరగ్గొట్టారు. ఎముక అతికింది గాని, కట్టు విప్పాక చూస్తే చెయ్యి ఎండుకట్టెలా ఉంది. భుజం దాటి లేచేది కాదు. నాగలి పట్టలేను, మోట తోలలేను. నేను ఒక్కగానొక్క కొడుకును, బాపు అప్పటికే దగ్గుతో మంచానపడి లేస్తున్నాడు. ఆ చెయ్యి రాకపోతే మా పొలం బీడు పడ్డట్టే. పడిపోయిన చేతులకు కసరత్తుతో బలం తెప్పిస్తాడని పేరుండడంతో, బాపు నన్ను బండిలో తీసుకెళ్లి వస్తాదుకు అప్పగించాడు. రజాకార్ల కవాతు అదే వీధిలో సాగుతున్న కాలంలో బాపుకు అంత ధైర్యమెక్కడిదో నాకు అర్థం కాలేదు. వయసులో ఉండగా బాపూ, వస్తాదూ ఆ గోదాలోనే కుస్తీ పట్టారని తర్వాత తెలిసింది.

వస్తాదు నా చెయ్యి ఒత్తి చూసి, మూలనున్న పార తెచ్చి ఇచ్చాడు. గోదా మట్టిని రోజూ పొద్దున్నే తవ్వి తిరగేయాలి, లేకపోతే గట్టిపడి, కిందపడ్డవాడి నడుము విరుగుతుంది. కొత్తగా చేరినవాడి మొదటి పని అదే. నాకు ఒళ్లు మండింది. ఇక్కడా వెట్టేనా అని పైకే అనేశాను. ఆయన కోపగించుకోలేదు. ఇంకో పార తీసుకుని నా పక్కన దిగాడు.

“చెయ్యితోని కాదు బిడ్డా, నడుముతోని తవ్వు. చెయ్యి ఎంబడి వస్తది.”

గోదాలో దిగేముందు చిటికెడు మట్టి నుదుటికి రాసుకోవాలి. నేను ఎడమచేత్తో రాసుకునేవాణ్ణి. ఎండలు ముదిరిన ఒకనాడు, ఏదో ఆలోచనలో ఉండగా, కుడిచెయ్యి దానంతటదే నుదుటిదాకా వెళ్లింది. వస్తాదు చూశాడు. చూసి, మొహం తిప్పుకుని, దండీలు సరిగ్గా తియ్యడం లేదని మిగతావాళ్ల మీద కేకలేశాడు. ఆయన సంతోషం అట్లాగే ఉండేది.

ఆయన శిష్యుల్లో కొందరు రజాకార్లలో చేరారు. ఒకసారి తుపాకులతో తాలింఖానాకొస్తే గుమ్మంలోనే ఆపాడు. “గీ మన్ను ముట్టినోడు బలం లేనోని మీద చెయ్యి లేపొద్దు. మీరు లేపిన్రు. పోండ్రి” అన్నాడు. వాళ్లు బెదిరించి వెళ్లారు.

వానాకాలానికి నేను ఊరికొచ్చి నాగలి పట్టాను. తర్వాత యూనియన్ సైన్యం వచ్చింది, నిజాం లొంగిపోయాడు. ఊరంతా డప్పులు కొట్టుకున్నాం. ఆ డప్పులు ఆగకముందే వస్తాదును కొట్టారన్న కబురొచ్చింది. పల్లెల నుంచి వచ్చిన గుంపు గడ్డమూ టోపీ చూసింది, అంతే. వాళ్లు పరాయివాళ్లని చెప్పి నేను తప్పించుకోలేను. నాలాగే దెబ్బలు తిన్నవాళ్లు. ఆయన ఒక్కసారి కూడా తిరిగి చెయ్యి లేపలేదట. నలుగురిని విసిరేసే చేతులవి. అది గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఆయన మీదే కోపమొస్తుంది.

నేను వెళ్లేసరికి ఆయన నడుము పడిపోయి మంచంలో ఉన్నాడు. నన్ను లేపినట్టే నిన్నూ లేపుతాను చాచా అని ఏడ్చాను. ఆయన అడిగింది ఒక్కటే.

“మన్ను గట్టిపడ్డదా?”

పరుగెత్తుకెళ్లి గోదా అంతా తవ్వి తిరగేసి వచ్చాను. మట్టి అంటిన నా అరచేతిని ఆయన తన నుదుటికి ఆనించుకున్నాడు. ఆ సాయంత్రమే కన్నుమూశాడు.

వాడకట్టులో వయసు మగవాళ్లు భయంతో ఎటో వెళ్లిపోయారు. మిగిలింది ఇద్దరు ముసలివాళ్లు. గోరీ తవ్వడానికి పార నేనే పట్టాను. అక్కడ నేలంతా మొరం, సగంలోనే కుడిచెయ్యి పడిపోయింది. కళ్లు తుడుచుకుని, కాళ్లు ఎడంగా పెట్టి, నడుముతో తవ్వడం మొదలుపెట్టాను. చెయ్యి ఎంబడి వచ్చింది.

తర్వాత బతుకంతా ఆ చెయ్యితోనే సేద్యం చేశాను. ఇప్పటికీ పార పట్టేముందు చిటికెడు మట్టి నుదుటికి రాసుకుంటాను, కుడిచేత్తోనే.