అంగలకుదురు కండువా

మా కొట్టు షట్టరు సగం దించి ఉందంటే మా నాన్న భోజనానికి వెళ్లాడని తెనాలి బజారులో అందరికీ తెలుసు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఒకసారి మాత్రం ఆయన లోపలే కూర్చుని షట్టరు సగానికి దించుకున్నాడు. ఆ రోజులు తలుచుకుంటే నాకు ముందు కోపం వస్తుంది, తర్వాత నవ్వొస్తుంది, ఆపైన ఆ కొట్టు మీద బెంగ పట్టుకుంటుంది. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు.

మా నాన్న టైలరు. ఇంట్లో అబ్బా అని పిలిచినా, నలుగురిలో మా నాన్న అనే చెప్పుకునేదాన్ని, ఇప్పటికీ అదే అలవాటు. డిగ్రీ చదివే రోజుల్లో సాయంత్రాలు ఆయన పక్కన పీట వేసుకుని హుక్కులు, కాజాలు కుట్టేదాన్ని. కుట్టినవన్నీ ఆయన విప్పించి మళ్లీ కుట్టించేవాడు. అందుకని మా ఇద్దరికీ క్షణం పడేది కాదు.

మా కొట్టుకు పెద్ద దిక్కు అంగలకుదురు రైతు ఒకాయన. సహకార సంఘానికి ఒకప్పుడు ప్రెసిడెంటుగా చేశాడు. నాన్న ఆయన్ని అన్నయ్యగారూ అనేవాడు, నాకు పెదనాన్న. ఎండాకాలమైనా వానాకాలమైనా తెల్లటి కండువా భుజాన లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు. ఒక మధ్యాహ్నం ఆయన బస్సు దిగి నేరుగా కొట్టుకొచ్చాడు.

“ఇరుగుపొరుగు దేశాల పార్లమెంటు సభ్యులు మన బాపట్ల వస్తున్నారయ్యా. ఒకళ్లింటికొకళ్లు వచ్చి పోతుంటే తగాదాలు తగ్గుతాయంట, వ్యాపారాలు పెరుగుతాయంట. బాపట్లలో సభ, మర్నాడు రేపల్లె వైపు పొలాలు చూస్తారు. ఏర్పాట్లు నా నెత్తినేశారు. ఏడు దేశాల జెండాలు నువ్వే కుట్టాలి.”

“అలాగేనండి, ఎంత మాట!” అన్నాడు నాన్న. ఆయన వెళ్లాక, ఇచ్చిపోయిన జెండా బొమ్మల జిరాక్సు కాగితం విప్పి మిషను మీద పరిచాడు.

మన జెండాకి ఖద్దరు గుడ్డ పెదనాన్నే తెచ్చిచ్చాడు. శ్రీలంక సింహాన్నీ భూటాన్ డ్రాగన్నీ సందు చివర బోర్డులు రాసే ఆర్టిస్టు చేత వేయించాం. నేపాలు జెండా చూసి నాన్న ముచ్చటపడిపోయాడు. “అందరూ దుప్పటి ముక్క కత్తిరించుకుంటే, వీళ్లొక్కళ్లే జాకెట్టు కత్తిరించినట్టు కత్తిరించారే” అన్నాడు. ప్రతి బొమ్మనూ స్కేలు పెట్టి కొలుచుకున్నాడు. పాకిస్తాను దగ్గరికొచ్చేసరికి మాత్రం కాగితం పక్కన పడేశాడు. ప్రతి ఏడూ ఉర్సుకి దర్గా మీద ఎగిరే పచ్చ జెండా కుట్టేది ఆయనే. నెలవంకనూ నక్షత్రాన్నీ కళ్లు మూసుకుని కత్తిరించగలడు.

“ఇది నాకు తెలియందా” అన్నాడు. ఆ గుడ్డ మిషను మీదికి ఎక్కించిన రోజే షట్టరు సగానికి దిగింది.

ఎందుకో నేను అడగక్కర్లేదు. ఇండియా పాకిస్తాను మ్యాచ్ ఉందంటే చాలు, గెలిచినా ఓడినా బజార్లో వాళ్లు మా నాన్న ముఖం వంక ఒకసారి చూసి పోయేవాళ్లు. సరదాకేలే అనేవాళ్లు. సరదానే, కాదనను. కానీ ఆ సరదాకి రోజంతా నవ్వుతూ కూర్చోవాల్సింది ఆయన. మా తాత నాటి నుంచి ఉన్న కొట్టు అది. అందులో ఫలానా జెండా కుడుతున్నారన్న మాట బయటికి పొక్కితే, ఇన్నేళ్లుగా సంపాదించుకున్న మంచి పేరు ఒక్క పూటలో పోతుందని ఆయన భయం.

ఆ భయం ఊరికే పోలేదు. పాత ఖాతాదారు ఒకాయన షట్టరు కింద నుంచి వంగి లోపలికి తొంగి చూశాడు. మిషను మీద పచ్చగుడ్డ, దాని మీద నెలవంక. సాయంత్రానికి మనిషిని పంపి, కుట్టడానికిచ్చిన ప్యాంటు గుడ్డ వెనక్కి తెప్పించుకున్నాడు. నాన్న దాన్ని నీటుగా మడతపెట్టి ఇచ్చి పంపాడు. ఆ రాత్రి అన్నం తినలేదు. నాకైతే ఆ ఖాతాదారు ఇంటికెళ్లి నాలుగు దులిపి రావాలనిపించింది.

మర్నాడు పెదనాన్న వచ్చాడు. నేనే చెప్పేశాను, నాన్న కళ్లతో వారిస్తున్నా వినలేదు. ఆయన లేచి, రెండు చేతులతో షట్టరు బర్రున పైకెత్తి, స్టూలు లాక్కుని గుమ్మంలో కూర్చున్నాడు. పొద్దుగూకేదాకా వచ్చేపోయేవాళ్లందరినీ పిలిచి మరీ పలకరించాడు. “ఏంటి చూస్తున్నావు? నేను కుట్టించుకుంటున్నా. మన ఊరికి చుట్టాలొస్తున్నారు” అని చెప్పాడు. నాన్న తలెత్తకుండా మిషను తొక్కుతూనే ఉన్నాడు.

సభ రోజున జెండాలు కట్టడానికి మేమిద్దరం ఆయనతో పాటు జీపులో బాపట్ల వెళ్లాం. హాలంతా మామిడాకులు, షామియానా కుర్చీలు. అతిథులు మేం అనుకున్నంత గంభీరంగా ఏం లేరు. బంగ్లాదేశ్ సభ్యుడు దిగీదిగగానే తుఫానుల గురించి అడిగాడు. మీ సముద్రమే మాదీ, ముందు తెలిసినవాళ్లు రెండోవాళ్లకి చెప్పుకోవడానికి ఇన్ని కాగితాలెందుకు అన్నాడు. పెదనాన్నకు ఆయన తెగ నచ్చేశాడు.

పాకిస్తాను నుంచి వచ్చినావిడ పెద్ద వయసు మనిషి, మా మేనత్తలా లావుపాటి కళ్లద్దాలు. జెండాల వరుస చూసుకుంటూ వచ్చి తన జెండా దగ్గర ఆగిపోయింది. అటూ ఇటూ చూసి, కుట్టినవాళ్లెవరని అడిగింది. నాన్న ముందుకొచ్చి సలాం చేశాడు.

“బాగా కుట్టావు భాయీ. తెల్ల పట్టీ ఏది?” అంది ఉర్దూలో.

నాన్నకి అర్థం కాలేదు. జేబులో ఉన్న జిరాక్సు తీశాడు. అప్పుడు కనిపించింది. బొమ్మలో ఎడమవైపు ఉండాల్సిన తెల్ల పట్టీ, కాగితం తెలుపులో కలిసిపోయి ఉంది. ఆయన కుట్టింది దర్గా జెండా.

కార్యకర్తలు గుసగుసలు మొదలెట్టారు. దాన్ని దింపెయ్యమని ఒకరు, ఏడూ దింపెయ్యమని ఒకరు. నాన్న ముఖంలో నెత్తురు చుక్క లేదు. బజారు సంగతి అటుంచి, ఇక్కడ దేశాల ముందు తలవంపులు తెచ్చాననుకున్నాడు. ఆవిడ మాత్రం మెల్లగా చెప్పింది.

“పచ్చ రంగు ఎక్కువమంది ఉన్నవాళ్లది. తెలుపు మా దగ్గర తక్కువమంది ఉన్నవాళ్లది, హిందువులు, క్రైస్తవులు. వాళ్లని అన్నిసార్లూ సరిగ్గా చూసుకున్నామని చెప్పను. అందుకే ఈ పట్టీ లేకుండా దీని కింద కూర్చోలేను.”

నాన్న ఆ మాటలు పెదనాన్నకు తెలుగులో చెప్పాడు. మధ్యలో ఆగిపోతే మిగతాది నేను చెప్పాను.

పెదనాన్న భుజం మీది కండువా తీసి, దులిపి, నాన్న చేతిలో పెట్టాడు. నాన్న కత్తెర పట్టుకుని నిలబడిపోయాడు.

“వద్దండి అన్నయ్యగారూ, మీ కండువా…”

“కొయ్యవయ్యా, సభకి టైమవుతుంటే!”

హాలు మెట్ల మీద కూర్చుని, జెండాకి తాడు దూర్చే మడత విప్పి, అక్కడ కండువా ముక్కని నాన్న ఒక కొస నుంచి, నేను రెండో కొస నుంచి చేత్తోనే కుట్టుకొచ్చాం. మధ్యలో మా సూదులు కలిశాయి. నా కుట్టు వంక చూశాడు, మొట్టమొదటిసారి విప్పమనలేదు. పాకిస్తాను నుంచి వచ్చిన ఆ పెద్దావిడ మా పక్కనే మెట్టు మీద కూర్చుని దారం అందించింది. మా ఇంటి ఉర్దూలో తెలుగు మాటలు దొర్లుతుంటే విని పకపకా నవ్వింది. లోపల మైకులో ఎవరో శాంతి గురించి మాట్లాడుతున్నారు. ఏం చెప్పారో నేను వినలేదు.

మర్నాడు జెండాలు కట్టడానికి మేమూ రేపల్లె వెళ్లాం. అక్కడ భోజనాలయ్యాక అతిథులు నగరం అనే ఊరి పొలాలు చూసి వెళ్లిపోయారు. బయల్దేరేముందు ఆవిడ ఆ జెండా అడిగి తీసుకుంది. తన మనవరాళ్లకి చూపిస్తానంది. పెదనాన్న సంబరం చూడాలి.

“నేను మద్రాసు దాటి పోలేదు గానీ, నా కండువాకి మాత్రం వీసా వచ్చింది!”

సాయంత్రం రేపల్లె ప్యాసింజరులో తెనాలి బయల్దేరాం. పెదనాన్న భుజాన మిగిలిన సగం కండువా వేలాడుతోంది. నాన్న కిటికీ పక్కన, ఒళ్లో మిగతా జెండాల మూట. జంపని స్టేషన్లో బండి ఆగినప్పుడు, ఎవరినీ చూడకుండా అడిగాడు.

“వాళ్లు తక్కువమందికి ఒక రంగిచ్చారు కదండీ. మన జెండాలో నాది ఏ రంగండీ అన్నయ్యగారూ?”

నాకు ఒళ్లు మండింది. ఆ అడగడమేంటి, అడగాల్సి రావడమేంటి. ఏదో అనబోయాను గానీ పెదనాన్న ముందే అందుకున్నాడు.

“మూడు రంగులూ నువ్వే కుట్టావు గదయ్యా, ఇంకా నీ రంగు ఏదని వెతుక్కుంటావేంటి?”

కసురుకున్నట్టే అన్నాడు. నాన్న నవ్వబోయి, మూటలో ముఖం దాచుకున్నాడు. ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదలు. పెదనాన్న సగం కండువా తీసి ఆయన చేతిలో పెట్టి, బయటికి చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి కొట్టు షట్టరు పూర్తిగా ఎత్తి ఉంది. ఆ పాత ఖాతాదారు గుమ్మం దగ్గర అదే ప్యాంటు గుడ్డ పట్టుకుని నిలబడి ఉన్నాడు. నాన్న మెడలోంచి టేపు తీసి, నవ్వుతూ ఆయన నడుము కొలుస్తున్నాడు.