జెట్టులో సూది

మా వదిన కార్బురేటరు విప్పిందంటే ఇంట్లో పొయ్యి వెలగదు. పెట్రోలు గిన్నెకు మూత పెట్టి, రెండు కిటికీలూ బార్లా తెరిచి, ఒకసారి గాలి వాసన చూసి, "ఊఁ, వెలిగించుకో" అని ఆమె అనేదాకా నేను తరిగిన వంకాయల ముందు చేతులు ముడుచుకుని కూర్చోవాలి. ఒక్కోరోజు ఆ "ఊఁ" పదింటికి వస్తుంది, ఒక్కోరోజు రెండింటికి. ఆకలి వేయడం లేదా అని అడిగితే, "నా కోసం చూడకు, నువ్వు తినేసెయ్" అంటుంది. ఏం తినేసెయ్యను, పచ్చి వంకాయలా?

వదినంటే మా ఆయనకు అక్క. పెళ్ళీ గిళ్ళీ పెట్టుకోలేదు. చిన్నతనమంతా వాళ్ళ నాన్న ఇంజన్లు బాగుచేసే కొట్లోనే గడిచింది. తర్వాత ముప్పై ఏళ్ళు నీటి పంపుల వర్క్‌షాపులో సామాన్ల గది చూసుకుంది. ఎనిమిది నెలల క్రితం మా ఆయన పోయాక, నాకు తోడుగా ఉంటానని తన అద్దె గది ఖాళీ చేసి వచ్చింది. వచ్చింది ఆమె ఒక్కతే కాదు, వెంట పద్నాలుగు రేకు డబ్బాల పనిముట్లూ వచ్చాయి. వెనక వరండా నిండింది. వంటింటి కిటికీ గట్టు నిండింది. నా టీ జల్లెడ పెట్రోలు వడపోతకు పోయింది. పడకగది అద్దాన్ని గోడ మీంచి దింపి, నేల మీద పడుకోబెట్టి, దాని మీద సాండ్‌పేపరు పరిచి, వంగిపోయిన కార్బురేటరు అంచుల్ని చదునయ్యేదాకా రుద్దుతుంది. "ఇంట్లో అద్దమంత చదునైంది ఇంకేముందో నువ్వే చెప్పు" అని నన్నే నిలదీస్తుంది. అప్పట్నుంచి నేను స్టీలు పళ్ళెంలో చూసుకుని తల దువ్వుకుంటున్నాను.

వీధిలో ఆమెను బుడగలక్క అంటారు. కార్బురేటరు గిన్నెలో ఒక ఇత్తడి బుడ్డి తేలుతుంటుంది. పెట్రోలు నిండగానే అది పైకి లేచి దారి మూస్తుంది. దానికి కంటికి ఆనని చిల్లి పడిందంటే, లోపలికి పెట్రోలు చేరి మునిగిపోతుంది, ఇంజను తడిసి ఆగిపోతుంది. వదిన ఆ బుడ్డిని వేడినీళ్ళలో ముంచి, తనూ ఊపిరి బిగబట్టి చూస్తుంది. బుడగ ఎక్కణ్ణుంచి లేస్తే అక్కడ చిల్లి. అక్కడ ఆవగింజంత టంకం పెట్టి, అదీ ఎక్కువైందని చాకుతో గీకుతుంది. బుడ్డి బరువెక్కితే తేలదట.

ఒకసారి తోటమాలి గడ్డికోసే యంత్రం మోసుకొచ్చాడు.

"అక్కా, షాపతను ఇది పోయింది, కొత్తది కొనుక్కోమన్నాడు."

"నీకు నడుం పట్టేస్తే మీ ఆవిడ కొత్త మొగుణ్ణి తెచ్చుకుంటుందా? పెట్టు అక్కడ."

రెండో రోజుకల్లా అది గడ్డి కోసింది. ఇంతటి మనిషికీ మా ఆయన స్కూటరు మాత్రం లొంగలేదు.

రవాణా ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. పాత బండి కాబట్టి ఫలానా శుక్రవారం లోపు తనిఖీకి తేవాలట. తనంతట తాను నడిచి రావాలి, పొగ కక్కకూడదు. లేదంటే నంబరు రద్దు, బండి తుక్కుకు. ఇరవై ఆరేళ్ళు మా ఆయన దాని మీదే పనికి వెళ్ళి వచ్చాడు. వీధి మలుపులో దాని చప్పుడు వినగానే నేను లేచి పళ్ళెం కడిగేదాన్ని. అది తుక్కులో కలిస్తే ఆ చప్పుడు కూడా పోతుంది. ఈ మాట ఎవరితోనూ అనలేదు. "బండి ఉంటే అవసరానికి పనికొస్తుంది వదినా" అని మాత్రం అన్నాను.

వదిన విప్పింది. ఇరవై రోజులు విప్పుతూనే ఉంది. తిట్టని రోజు లేదు. నన్ను కాదు, తమ్ముణ్ణి.

"ఒరేయ్ సన్నాసీ, ఈ స్క్రూకి తలేదిరా? సుత్తితో బాదావా? ఇదేంటి, అంచుల మధ్య గ్యాస్కెట్టు బదులు పోస్టుకార్డు కత్తిరించి పెట్టావా! ఎవరు రాశార్రా నీకీ కార్డు?"

ఆ ముక్క మీద "అందరూ క్షే" వరకు కనిపిస్తోంది.

ఊళ్ళో మిగతావాళ్ళంతా ఆయన పేరెత్తితే గొంతు తగ్గిస్తారు. వదిన ఒక్కతే ఆయన పక్క గదిలో నిద్రపోతున్నట్టు అరుస్తుంది. వినీ వినీ నా తల వాచిపోయింది. పోయిన మనిషిని అన్నేసి మాటలేమిటని అడగబోయి, ప్రతిసారీ గొంతులోనే మింగేశాను.

"గిన్నె మాత్రం తళతళలాడుతోంది చూడు" అందొక రోజు. "పుట్టి బుద్ధెరిగాక వీడు ఒక్క గిన్నె తోమిన పాపాన పోలేదు!"

నేను వంకాయల వైపు చూశాను.

అంచు రుద్దింది, బుడ్డికి టంకం పెట్టింది, గ్యాస్కెట్టు మార్చింది. బిగించి తన్నినప్పుడల్లా స్కూటరు నల్లటి పొగ కక్కి, రెండు దగ్గులు దగ్గి ఆగిపోయేది. ప్లగ్గు తీస్తే మసి.

"అన్నీ చూశాను, ఒక్క జెట్టు తప్ప. అది చూడక్కర్లేదు" అంది వదిన.

జెట్టంటే చిన్న ఇత్తడి మేకులాంటిది. దాని నడుమ వెంట్రుకంత బెజ్జం. ఇంజను తాగే పెట్రోలు అందులోంచే పోవాలి. అది పూడుకుపోతే గాలి ఊదాలి, నానబెట్టాలి. ఎట్టి పరిస్థితుల్లోనూ సూది పెట్టకూడదు. ఉక్కు సూది మెత్తని ఇత్తడిని తినేసి బెజ్జం పెద్దది చేస్తుంది. అప్పుడు ఇంజను మింగలేనంత పెట్రోలు పోయి పొగ వస్తుంది.

"వాడికి ఎనిమిదేళ్ళప్పుడు సూది పెట్టబోతే స్కేలుతో వేళ్ళ మీద ఒక్కటిచ్చాను. వాడు ఎన్ని దరిద్రప్పనులైనా చేస్తాడు గానీ ఆ పని చెయ్యడు. నాకు తెలుసు."

నాకూ తెలుసు. ఆ పని చేసింది నేను.

ఆయన పోయిన మూడో నెలలో, వదిన బజారుకెళ్ళిన ఒక మధ్యాహ్నం, ఆ చప్పుడు ఒక్కసారి విందామని స్కూటరు తన్నాను. లేవలేదు. ఆయన కార్బురేటరు విప్పుతుంటే స్క్రూలు పడిపోకుండా పళ్ళెం పట్టుకున్నదాన్నే కదా అని ధైర్యం చేశాను. విప్పి, గిన్నెను అంట్లపొడితో తోమి, జెట్టు బెజ్జంలో కుట్టుసూది గుచ్చి నాలుగు తిప్పులు తిప్పాను. బిగించాక స్కూటరు అర నిమిషం మోగింది. ఆ పొగకు కళ్ళు మండాయి. సబ్బుతో చేతులు కడుక్కుని వంట మొదలుపెట్టాను.

వదిన తిడుతున్న ఇరవై రోజులూ చెప్పాలనే అనుకున్నాను. పొద్దున చెబుదామంటే ఆమె ఏదో బిగిస్తూ ఉండేది, మధ్యాహ్నం చెబుదామంటే నాకు నోరు పెగిలేది కాదు. ఆమె మీద విసుగు, దానికి రెండింతలు నా మీద విసుగు.

బుధవారం నాటికి విప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. వదిన జెట్టు ఊడదీసింది. దాని తల మీది నంబరు చదివి, ఆ నంబరుకు సరిపోయే సన్నతీగ డబ్బాలోంచి తీసి బెజ్జంలో పెట్టింది. తీగ వదులుగా ఆడింది. ఇంకోసారి పెట్టింది. ఆడింది.

తిట్ల కోసం ఎదురుచూశాను. వదిన తిట్టలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"అయితే నేను చెప్పింది ఒక్కటీ వాడికి ఎక్కలేదన్నమాట" అని మెల్లగా అంది. పెట్రోలు గిన్నెకు మూత పెట్టి, కిటికీలు తెరిచింది. అప్పటికింకా తొమ్మిదిన్నర. "వెలిగించుకో."

అగ్గిపెట్టె పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"వదినా, ఆయన కాదు."

"ఏది?"

"సూది. నాది. తొమ్మిదో నంబరు."

వదిన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది.

"గిన్నె తోమింది కూడా నువ్వేనా?"

"పొడితో."

"ఓసి నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఇరవై రోజులు పోయినవాణ్ణి తిట్టించావు కదే! నోట్లో నాలుక లేదా? జెట్టుకు సూదేంటే, అదేమన్నా జాకెట్టా?" ఆమె నన్ను "ఏమే, ఒసే" అనడం అదే మొదలు. గొంతు వీధిలోకి వినిపించింది. "ఆ అగ్గిపెట్టె అవతల పెట్టు! ఇలా రా!"

పెట్రోలు మూత మళ్ళీ లేచింది. వంకాయలు మళ్ళీ ఆగాయి.

ఆ జెట్టు ఇప్పుడు ఎక్కడా దొరకదు, చేసే కంపెనీయే లేదు. బెజ్జాన్ని టంకంతో పూడ్చి, వెంట్రుకంత డ్రిల్ బిట్టును వేళ్ళతోనే తిప్పుతూ మళ్ళీ తొలవాలి. వదిన చెయ్యి వణుకుతుంది.

"సూదిలో దారం ఎక్కించేది నువ్వేగా, పట్టు. నొక్కకు! నొక్కకు అంటే నీక్కాదూ? బిట్టు తింటుంది, నువ్వు తిప్పు చాలు."

మొదటిసారి వంకర పోయింది. రెండోసారి టంకం ఊడొచ్చింది. "అచ్చం వాడే" అంది వదిన. మూడోసారి తీగ బిగువుగా, కదలకుండా పట్టింది. గురువారం సాయంత్రమైంది.

శుక్రవారం పొద్దున మూడో తన్నుకు స్కూటరు లేచింది. వదిన నడిపింది, నేను వెనక కూర్చున్నాను. తనిఖీ అధికారి పొగగొట్టం దగ్గర తెల్లగుడ్డ పట్టి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"రిపేరు ఎవరు చేశారమ్మా?"

"ఇదే చెడగొట్టింది, ఇదే చేసింది" అని వదిన వేలితో నన్ను చూపించింది. ఆయన నవ్వాపుకుంటూ ముద్ర కొట్టాడు.

ఇంటి ముందు దిగాక అడిగాను. "వదినా, ఒక్క చుట్టు తిరిగి రండి."

"ఎందుకు? పెట్రోలు ఊరికే వస్తోందా?"

"ఊరికే."

సణుక్కుంటూ వెళ్ళింది. నేను లోపలికెళ్ళి కూర్చున్నాను. కాసేపటికి వీధి మలుపులో చప్పుడు మొదలైంది. లేచి పళ్ళెం కడగాల్సిన పని లేదు గానీ కడిగాను. చప్పుడు దగ్గరికొచ్చి, గుమ్మం ముందు ఆగింది.

"ఒసేయ్, తలుపు తియ్యి!" అని బయటి నుంచే కేక. "రెండో గేరు పట్టేస్తోంది, వెధవ ఏం చేశాడో ఏమో. ఇప్పుడే చూసేస్తాను. పొయ్యి వెలిగించకు!"