ఎడమ చెంప లెక్క

మొన్న మా చిన్నమ్మాయి వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని, ఏదో పట్టికలోని వరుసలన్నిటికీ ఒక్క నొక్కుతో రంగురంగుల గ్రాఫులు తెప్పించి మురిసిపోతుంటే, నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మా రోజుల్లోనూ ఆ సదుపాయం ఉండేది, రంగులే తక్కువ.

రెండువేల ఆరు ప్రాంతంలో, మేము అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉన్నప్పుడు, నేను ఒక ఆసుపత్రిలో గణాంకాల ఉద్యోగంలో చేరాను. తుపాకి గుండ్లు, కత్తిపోట్లు, బేస్‌బాల్ బ్యాటుతో పగిలిన తలలు, ఎమర్జెన్సీకి వచ్చిన ప్రతి మనిషీ నా పట్టికలో ఒక వరుస. ఆర్ అనే ప్రోగ్రాములో ఒక ఫంక్షన్‌కి ఆ పట్టిక అప్పగిస్తే, వయసుకొకటి, కారణానికొకటి, దెబ్బ తగిలిన చోటుకొకటి చొప్పున చిన్న చిన్న బొమ్మలు గీసి ఒకే పేజీలో పరిచేది. పొద్దున కాఫీ తాగుతూ ఆ నెత్తురంతా బొమ్మల్లో చూసి, మధ్యాహ్నం నిమ్మళంగా పెరుగన్నం తినేదాన్ని. ఉద్యోగం మనిషిని అంత మొద్దుబారుస్తుంది.

ఒకరోజు జారిపడ్డామని చెప్పిన ఆడవాళ్లను మాత్రం విడదీసి గీయిస్తే, ముఖం మీది దెబ్బల బొమ్మలో ఎడమ చెంప లెక్క చూపే కడ్డీ పేజీ అంచుదాకా లేచింది, కుడి చెంపది అడుగునే ఉండిపోయింది. పడేవాళ్లందరూ ఒకే పక్కకు పడతారా? ఎంట్రీ తప్పని నాకు నేనే తేల్చేసుకుని, వివరాలు ఎక్కించే పెద్దావిడ మీదికి ప్రింటవుట్ పట్టుకుని విసురుగా వెళ్లాను. ఆవిడ కళ్లజోడు తీసి, తప్పేమీ లేదని, ఎదురుగా నిలబడి కుడిచేత్తో కొడితే దెబ్బ ఇక్కడే పడుతుందని, తన ఎడమ చెంప తడిమి చూపించింది.

మా కింది అపార్ట్‌మెంటులో ఒక తెలుగమ్మాయి ఉండేది, నన్ను అక్కా అని పిలిచేది. ఆ ఏడాదిలో మూడుసార్లు బాత్‌టబ్‌లో జారిపడ్డానని చెప్పింది, మూడుసార్లూ ఎడమ చెంపే కమిలింది. నేను ఎగతాళి చేసి, రబ్బరు మ్యాట్ కొనిచ్చిన మహాతల్లిని.

అప్పటికప్పుడే ఇంటికి డ్రైవ్ చేశాను. గిన్నెలు విసిరిన చప్పుడు, ఆమె కేక వాళ్ల తలుపు బయటికే వినిపించాయి. తలుపు తోసుకుని వెళ్తే, తలా ఒక వంటకం తెచ్చుకునే ప్రతి పాట్‌లక్‌లో నాకు వినయంగా ప్లేటు అందించే ఆమె మొగుడు, ఆమె జుట్టు పట్టుకుని తలను వంటగట్టుకేసి బాదుతున్నాడు. చేతికందిన కుక్కర్ మూతతో వాడి మోచేతి మీద బలంకొద్దీ కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు విని, నిజం చెప్పొద్దూ, సంతోషించాను. నేను ఫోన్ చేస్తే పోలీసులు వచ్చి వాణ్ణి తీసుకుపోయారు. అంబులెన్సులో ఆమె నా చెయ్యి పట్టుకుని, "అక్కా, ప్లీజ్, పడిపోయాననే చెప్పండి" అని బతిమాలింది. నేను అలా చెప్పలేదు. ఆసుపత్రిలో జరిగింది జరిగినట్టు రాయించాను.

పచ్చని కాపురం కూల్చానని అక్కడి మా తెలుగువాళ్లలో సగం మంది మా గుమ్మం తొక్కడం మానేశారు. పోతే పోయారు.

ఆమె ఇప్పుడు దేశానికి ఆ చివరనున్న శాన్ రామన్‌లో ఉద్యోగం చేసుకుంటూ హాయిగా ఉంది. ఈ కాలం పిల్లలు మొదటి దెబ్బకే బయటికి చెప్పేస్తున్నారని వింటే సంతోషమే. మా కాలంలో అది ఇంటి గుట్టు. అయినా నాకు సిగ్గుగానే ఉంటుంది, ఎదురుగా కూర్చుని మూడుసార్లు చూసిన ముఖాన్ని నమ్మక, కాగితం మీది కడ్డీని నమ్మినందుకు. నేను చూసీ చూడని ఆ నెలల్లోనే ఆమె ఎడమ చెవికి వినికిడి పోయింది. ఆదివారాలు నేను ఫోన్ చేస్తే, ఇప్పటికీ, "ఒక్క క్షణం ఉండండక్కా, కుడి చెవికి పెట్టుకోనివ్వండి" అంటుంది.